నొప్పి రాకముందే

పిల్లవాడికి ఏమీ కాలేదు.

ఆ మాట ఇంట్లో ఉన్న ముగ్గురూ ఎవరికి వాళ్ళే చాలాసార్లు చెప్పుకున్నారు. అమ్మమ్మ ఒడిలోంచి జారిన చంటాడు కింద గుట్టగా పడి ఉన్న బట్టముక్కల మీద పడ్డాడు. యూనిఫారాలు కత్తిరించగా మిగిలిన నీలం ముక్కలవి. నిన్ననే ఊడ్చి సంచిలోకి ఎత్తాల్సింది, బద్ధకించి వదిలేశారు. ఆ బద్ధకమే ఇవాళ వాణ్ణి కాపాడింది. పడ్డవాడు ఉలిక్కిపడి, ఏడవాలా వద్దా అని కాసేపు ఆలోచించుకుని, చేతికందిన పీలిక తీసి నోట్లో పెట్టుకున్నాడు.

ఏడుపంతా వాడి తల్లిదే.

"నేను స్నానం చేసి వచ్చేసరికి గురక పెడుతున్నావమ్మా! పట్టపగలు! వాడు కింద నేల మీద, నువ్వు పైన గురక!"

"కునుకు పట్టింది," అంది కత్తెరమ్మ.

బట్టల కార్ఖానాలో కటింగు బల్ల దగ్గర సగం జీవితం నిలబడ్డ మనిషి. అక్కడివాళ్ళు ముద్దుగా పెట్టిన పేరు ఆవిడతోపాటే వీధిలోకీ వచ్చేసింది. నడుముకి ఆపరేషనయ్యాక కార్ఖానా మానేసి, ఓపిక ఉన్న రోజున ఇంట్లోనే నాలుగు జతలు కత్తిరిస్తోంది.

"కునుకా? పిలిచాను, పలకలేదు. భుజం పట్టుకుని కుదిపాను. అప్పుడు కళ్ళు తెరిచి నన్నేమన్నావో గుర్తుందా?"

కత్తెరమ్మకి గుర్తు లేదు.

"'ఎవరూ?' అన్నావు. నన్ను చూసి ఎవరూ అన్నావమ్మా."

కత్తెరమ్మ కూతురి మొహంలోకి చూసింది. తడి జుట్టులోంచి నీళ్ళు కారి జాకెట్టు భుజాలు నల్లబడ్డాయి. పిల్లవాణ్ణి రెండు చేతులా అదిమి పట్టుకుంది. ఇప్పుడు తనకి సిగ్గు కలగాలి, భయం కలగాలి. కలగాలని ఆవిడకి తెలుసు. తెలియడమే తప్ప కలగడం లేదు. రెండేళ్ళుగా అన్నీ ఇలాగే తెలుస్తున్నాయి. వీడు పుట్టిన రోజున ఆసుపత్రి వరండాలో తను సంతోషించాలని తెలిసింది. అందరితోపాటు నవ్వింది కూడా.

కిటికీ దగ్గర నిలబడ్డ భర్త గొంతు సవరించుకున్నాడు.  లిఫ్టులు బాగుచేసే మనిషి కాబట్టి ఆ చుట్టుపక్కల మేడలన్నిటికీ ఆయన లిఫ్టు మేస్త్రి. మామూలుగా ఇంట్లో చిన్న మరమేకు వదులైనా గంటసేపు ఉపన్యాసం ఇచ్చే ఘటం. ఇవాళ ఉలుకూ పలుకూ లేదు.

"సోమవారం నుంచి నేను షాపుకెళ్ళాలి," అంది కూతురు. "వీణ్ణి నీ చేతుల్లో పెట్టి వెళ్దామనే కదా అనుకున్నాం. ఏ ధైర్యంతో పెట్టను? చెప్పు."

"ఇంకెప్పుడూ అలా జరగదే."

"ఇటు రా ఒకసారి."

"ఎక్కడికి?"

"ఈ మూలకి. కిటికీ వైపు వద్దు, చీకటి మూలకి రా."

కూతురు పనిచేసేది కళ్ళద్దాల షాపులో. ప్రసవానికి ముందు వరకూ రోజంతా ఎవరి కళ్ళల్లోకో టార్చి వేసి చూడడమే ఆమె పని. తల్లి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. బీరువా పక్కన, వెలుతురు అంతగా పడని చోట, చాలాసేపు చూసింది. చంకలో ఉన్న పిల్లవాడు కూడా తనవంతుగా అమ్మమ్మ ముక్కు పట్టుకుని లాగాడు.

"చీకట్లో కనుపాప పెద్దదవ్వాలమ్మా," అంది చివరికి. గొంతులో కోపం పోయింది. అది పోవడమే కత్తెరమ్మకి నచ్చలేదు. "ఎవరికైనా అవుతుంది. నీది ఆవగింజంత ఉంది."

"వయసు మీద పడింది."

"వయసు కాదు. ఆ నొప్పి మాత్ర బలం ఎక్కువైతే ముందు కళ్ళే చెబుతాయని డాక్టరమ్మ నా ముందే అంది. ఆవిడ తగ్గించిన లెక్క ప్రకారం వేసుకుంటే ఇలా ఉండవు. నువ్వు పైన వేసుకుంటున్నావు."

"వేసుకోవడం లేదు."

"అమ్మా."

"లేదన్నానా! మాత్రలన్నీ మీ నాన్న దగ్గర తాళంలో ఉన్నాయి. ఆయన చేత్తో ఇచ్చినవి తప్ప నేను ఒక్కటి ముట్టుకోలేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

"అయితే వీడి తల మీద చెయ్యి పెట్టి చెప్పు."

"ఒట్లూ గిట్లూ ఏమిటే!" మేస్త్రి ఒక్కసారిగా అరిచాడు. "పిల్లాడి మీద ఒట్లేమిటి? బుద్ధుందా నీకు?"

అందరికన్నా ముందు చంటాడు బెదిరిపోయి ఏడుపు లంకించుకున్నాడు. మేస్త్రి మొహంలో నెత్తురు చుక్క లేదు. కండువాతో మెడ తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

కూతురు ఇల్లంతా వెతికింది. పరుపు ఎత్తింది. కుట్టుమిషను అరలు లాగింది. దారపుకండెల డబ్బా, గుండీల డబ్బా, సుద్దబిళ్ళల డబ్బా కింద బోర్లించింది. కత్తెరమ్మ కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంది. తన డబ్బాల్లో చెయ్యి పెడితే ఒకప్పుడు అదే కూతురి వీపు పగలగొట్టేది. ఇప్పుడు గుండీలు మంచం కిందికి దొర్లిపోతుంటే, ఎవరో పక్కింటి సామాను సర్దుతున్నట్టుంది.

ఏమీ దొరకలేదు. దొరకకపోవడం వల్ల అనుమానం పోలేదు, ఇంకా బలపడింది. ఎంత బాగా దాచిందో అనుకుంటూ ఉంటుంది పిల్ల. నిజానికి కత్తెరమ్మకే తన మీద అనుమానం వచ్చింది. మత్తులో లేచి ఎక్కడినుంచైనా తీసి వేసుకుని మరిచిపోయిందేమో. కన్నకూతుర్ని 'ఎవరూ?' అన్న మనిషి ఏమైనా చేసి ఉండొచ్చు.

"సాయంత్రం బస్సుకి మా అత్తగారి ఊరు వెళ్ళిపోతాను," అంది కూతురు, బోర్లించిన డబ్బాల మధ్య కూర్చుని. "వీణ్ణి అక్కడ దించేసి వచ్చి ఉద్యోగంలో చేరతాను. వారానికోసారి వెళ్ళి చూసుకుంటాను. వీడి నాన్న ఓడ దిగి వచ్చేదాకా అంతే."

"ఇంత చిన్నవాణ్ణి వదిలేసి ఉంటావా?"

"ఉండగలనో లేదో నాకు తెలీదు. నీ దగ్గర మాత్రం వదల్లేను."

మధ్యాహ్నం ఎవరూ అన్నం తినలేదు. కూతురు పక్కగదిలో తలుపు చేరవేసుకుని బట్టలు సర్దుకుంటోంది. కత్తెరమ్మ హాల్లో కూర్చుని ఆ చప్పుడు వింటోంది.

ఇదంతా ఎక్కడ మొదలైందని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆపరేషను చేసిన పెద్ద డాక్టరు ఆ నొప్పి మాత్ర రెండు వారాలకని రాశాడు. తరవాత వీధి చివరి డాక్టరుగారు, అంత పెద్దాయన రాసింది మనం ఎందుకు ఆపాలి అని మళ్ళీ రాశారు. మూడు నెలలకి చూపించుకోవడానికి వెళ్తే పెద్ద డాక్టరు కుట్లు చూసి, మందులు మీ డాక్టరుగారు చూసుకుంటున్నారు కదా అని పంపేశాడు. ఆయన ఈయన మీద, ఈయన ఆయన మీద భారం వేసి ఇద్దరూ నిశ్చింతగా ఉన్నారు. నడుమ ఎప్పుడో నొప్పి తిరగబెట్టినట్టనిపిస్తే మాత్ర పెద్దదైంది. మలబద్ధకానికి ఒకటి, వికారానికి ఒకటి దానికి తోడొచ్చాయి. ఎవరూ తప్పు చేసినట్టు లేదు. ఇక మీదట ఈవిడ దీని మీదే బతకాలని ఎవరూ నిర్ణయించనూ లేదు.

ఇంట్లో మాత్రం ఒకరు ఆ మాత్రని గట్టిగా పట్టుకున్నారు. ఆపరేషనైన మర్నాడు నర్సు మేస్త్రిని పిలిచి చెప్పింది: "నొప్పి వచ్చేదాకా ఆగకండి. వచ్చాక తగ్గించడం కష్టం. రాకముందే వేసెయ్యండి." ఆమె చెప్పింది ఆ వారం మాట. మేస్త్రి అది జన్మకి సరిపడా మాటగా తీసుకున్నాడు. ఆయన వృత్తే అది. తాడు తెగాక పరిగెత్తేవాడు మేస్త్రి కాదు, తెగకముందే మార్చేవాడు మేస్త్రి అని కుర్రమెకానిక్కులకి పాఠం చెప్పే మనిషి. నొప్పి ఉందా అని భార్యని ఒక్కనాడూ అడగలేదు. వేళకి మాత్ర, మంచినీళ్ళు పట్టుకొచ్చి ఎదురుగా నిలబడేవాడు. ఆవిడ కూడా నొప్పి ఉందో లేదో చూసుకోలేదు. చూసుకునే వ్యవధి ఎప్పుడొచ్చింది గనక?

వీధి చివరి డాక్టరుగారు పని విరమించుకున్నాక ఆ కుర్చీలోకి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆమె మొదటిరోజే కాగితాలు పక్కనపెట్టి, "ఇది ఇప్పుడు ఎందుకు వాడుతున్నారు?" అని అడిగింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మాత్ర ఆలస్యమైతే ఒళ్ళంతా పీకుతుందమ్మా," అంది కత్తెరమ్మ.

"ఆ పీకుడు నడుముది కాకపోవచ్చు. మాత్రే తనకోసం అలా పీకిస్తుంది," అంది డాక్టరమ్మ. "అలా అని ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. మెల్లగా దిగుదాం. కష్టంగానే ఉంటుంది. మరీ తట్టుకోలేకపోతే నాకు ఫోను చెయ్యండి, మీ అంతట మీరు పెంచుకోకండి."

దిగారు. మొదటి వారం దడ, చెమట, ఆవలింతలు, నరకం. రెండో వారం నుంచి హఠాత్తుగా అన్నీ సర్దుకున్నాయి. సగానికి దిగినా ఏమీ అనిపించలేదు. డాక్టరమ్మ ఆశ్చర్యపోయి, మీ అంత గట్టి మనిషిని చూడలేదంది. కార్ఖానాలో ఎన్నో మెచ్చుకోళ్ళు పొందింది గానీ, ఈ మెచ్చుకోలుకి కత్తెరమ్మ పొంగిపోయింది. పొంగడం అంటే ఏమిటో అంతకుముందు చాలాకాలంగా మరిచిపోయింది. కూతురు ఆ ధైర్యంతోనే వచ్చి, "అయితే వీణ్ణి నీ దగ్గరే ఉంచుతానమ్మా," అంది.

కత్తెరమ్మ లేచింది. ఒంటరిగా కూర్చోలేక వంటింట్లోకి నడిచింది.

మేస్త్రి కొళాయి దగ్గర వెనక్కి తిరిగి నిలబడి ఏదో కడుగుతున్నాడు. ఆవిడ నడుము పడిపోయినప్పటి నుంచీ వంటిల్లు ఆయనదే. చేతిలో ఉన్నది యాలకులు దంచుకునే చిన్న రోలు. దాన్ని కడిగి, వేలితో లోపల రుద్ది, మళ్ళీ కడుగుతున్నాడు.

"యాలకులు తెచ్చారా?" అంది కత్తెరమ్మ.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఊఁ? లేదే."

"మరి రోలెందుకు?"

"దుమ్ము పట్టిందని..."

"ఏవండీ. ఇటు చూడండి."

మేస్త్రి చూడలేదు. నీళ్ళు నమిలాడు. కొళాయి కట్టేసి, పక్కగది తలుపు వైపు చెవి పెట్టి, మెల్లగా అన్నాడు: "గట్టిగా అనకు. అమ్మడు వింటుంది."

ఇంకా ఏమీ అడగకుండానే కత్తెరమ్మకి సంగతి అర్థమైపోయింది. అయినా అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"తగ్గించిన రెండో వారం నుంచి."

"దేంట్లో?"

"కాఫీలో. చేదు తెలియదు కదా అని."

మత్తెక్కించే మందుని తీసుకొచ్చి కాఫీలో కలిపిన ఘనుడు లోకం మొత్తం మీద ఈయనొక్కడే అయ్యుంటాడు. వేరే రోజైతే కత్తెరమ్మే ఆ మాట అని పడీ పడీ నవ్వేది. గోడకి ఆనుకుని నిలబడింది.

"ఎక్కడివి ఆ మాత్రలు?"

"పాతవి. ఎప్పుడూ ఒక అట్ట ఎక్కువే తెచ్చి పెట్టుకునేవాణ్ణి కదా. సమయానికి దొరక్కపోతే..." ఆయన ఆగాడు. "నువ్వు మంచం కోడు పట్టుకుని వణికిపోయావే. 'నన్ను చంపెయ్యండి' అన్నావు. నీకు గుర్తుండి ఉండదు. నాకుంది."

"కొన్నాళ్ళు అలాగే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది కదా? తట్టుకోలేకపోతే ఫోను చెయ్యమంది కదా?"

"చేస్తే ఏమంటుంది? ఓర్చుకోమంటుంది. ఆవిడ అక్కడ కూర్చుని అంటుంది. ఇక్కడ చూడాల్సింది నేను. నా చేతిలో పని ఉండగా నువ్వలా గింజుకుంటుంటే నేను చేతులు కట్టుకుని ఎలా నిలబడను? నా జన్మలో అలా నిలబడలేదే. ఏదైనా అరిగిందని అనుమానం వస్తే చాలు, మార్చేస్తాను. నా లిఫ్టులో ఎక్కిన ఒక్కడికి కాలు బెణకలేదు."

"నేనేమన్నా మీ లిఫ్టునా?"

ఆయన తడి రోలుని గట్టు మీద బోర్లించాడు.

"పొడి చెయ్యకూడదన్నారు," అంది కత్తెరమ్మ. "మందుల షాపాయన కూడా చెప్పాడు. కడుపులో మెల్లగా కరగాల్సిన మాత్ర అది. నలగ్గొడితే మందంతా ఒక్కసారే ఎక్కుతుంది, ఊపిరి ఆగిపోవచ్చన్నాడు. మీ ఎదురుగానే."

"అలాగే వేస్తే కప్పు అడుగున నీకు కనబడిపోతుంది కదా," అన్నాడు మేస్త్రి అమాయకంగా.

 అంటే డాక్టరమ్మ మెచ్చుకున్నది ఈ రోలునన్నమాట. పొద్దున పిల్లవాణ్ణి ఒడిలోంచి జారవిడిచింది కూడా ఇదే. పొద్దుటి నుంచి తను దొంగలా కూర్చుంటే, దొంగ కిటికీ దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఈ మనిషిని కడిగి పారెయ్యాలి. రోలు తీసుకుని నెత్తిన కొట్టినా పాపం లేదు. కత్తెరమ్మ కోపం కోసం కాసేపు ఎదురుచూసింది. అది రాలేదు.

వచ్చింది వేరే ఆలోచన. సాయంత్రం నాలుగవుతోంది, కాఫీ వేళ. ఇప్పుడు బయటపడ్డాక ఈయన కాఫీ మానేస్తాడేమో.

ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకి అసహ్యం వేసింది. అసహ్యం మాత్రం బాగానే వేసింది.

"దానికి చెప్పకే," అన్నాడు మేస్త్రి.  "నీ కాళ్ళు పట్టుకుంటాను. పిల్లాడు పడింది నావల్లని తెలిస్తే అది నా మొహం చూడదు. ఇక మీదట ఉత్త కాఫీయే పెడతాను. మిగిలినవి కాలవలో పారేస్తాను. ఇవాళ్టి నుంచే."

కత్తెరమ్మకి ఆవలింత వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మోచేతుల నుంచి వేళ్ళదాకా ఎముకల్లో ఏదో పాకుతున్నట్టు మొదలైంది.

"ఒక్కసారిగా మానకూడదని డాక్టరమ్మే చెప్పింది," అంది.

ఆ మాట నిజమే. కానీ ఆవిడ అన్నది నిజమని కాదు.

మేస్త్రి అర్థంకాక చూశాడు. "అంటే? ఉత్తది పెట్టొద్దా?"

కత్తెరమ్మ కొళాయి వైపు చూసింది. ఇంకా ఒక్కో చుక్కా పడుతోంది.

"మీరు మామూలుగా ఎలా పెడతారో అలాగే పెట్టండి."

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. తరవాత పాలగిన్నె పొయ్యి మీద పెట్టాడు. ఆవిడ అటు తిరిగి నిలబడింది, చూస్తే తాగలేనేమో అని. రోట్లో రాయి తిరిగిన చప్పుడు మాత్రం వినబడింది.  ఆవిడ అక్కడే గోడ దగ్గర నిలబడి కప్పు ఖాళీ చేసింది. చక్కెర కాస్త ఎక్కువే పడింది.

కూతురు సంచీ భుజానికి తగిలించుకుని హాల్లోకి వచ్చింది. పిల్లవాడికి టోపీ పెట్టింది. ప్రయాణమంటే వాడికేం తెలుసు, ఆ టోపీ తీసి పారెయ్యడానికి తంటాలు పడుతున్నాడు.

"వెళ్తున్నానమ్మా."

"కాసేపు కూర్చో."

"కూర్చుని ఏం మాట్లాడుకుంటాం? పొద్దుటి నుంచి నిన్నొక్కటే అడుగుతున్నాను. నువ్వు వేసుకున్నావని నాకు కోపం కాదు. వేసుకోలేదని నా మొహం మీద అబద్ధం చెబుతున్నావు, అది నేను తట్టుకోలేకపోతున్నాను. ఆఖరిసారి అడుగుతున్నా. వేసుకున్నావా, లేదా?"

వంటింటి గుమ్మంలో మేస్త్రి నిలబడ్డాడు. చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని పిండుతున్నాడు, అందులో నీళ్ళేమీ లేకపోయినా.

"వేసుకున్నాను," అంది కత్తెరమ్మ.

కూతురు టోపీ లాగుతున్న పిల్లవాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎక్కడివి?"

"పాతవి కొన్ని దాచుకున్నాను. అయిపోయాయి."

"నాన్నకి తెలుసా?"

"ఆయనకేం తెలీదు."

కూతురు సంచీ దించేసింది. కుర్చీలో కూలబడి, పిల్లవాడి భుజంలో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "పొద్దున్నే చెప్పొచ్చు కదమ్మా," అంది ఏడుపులోనే. "ఈ ఒక్క మాట పొద్దున్నే చెబితే ఇంత గొడవ ఎందుకు? నిన్ను దొంగని చేసి ఇల్లంతా వెతికాను."

గుమ్మంలో మేస్త్రి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన భార్య వైపు అలా ఎన్నడూ చూడలేదు. తన తప్పు తల మీద వేసుకున్న మహా ఇల్లాలు అనుకుంటున్నాడు. చేతులెత్తి దణ్ణం పెట్టడమొక్కటే తక్కువ.

కత్తెరమ్మ ఆ చూపు నుంచి మొహం తిప్పుకుంది. ఆవిడ మొగుణ్ణి కాపాడలేదు. నిజం బయటపడితే కూతురు ఆ అట్టలు వెతికి పట్టుకుంటుంది, వంటిల్లు తన చేతిలోకి తీసుకుంటుంది. రేపు పొద్దుటి కాఫీ ఉత్తదైపోతుంది. ఆవిడ కాపాడుకున్నది ఆ కాఫీని. ఇది ఆయనకెప్పటికీ తెలియదు, తెలిసినా నమ్మడు.

"సరే," అంది కూతురు కళ్ళు తుడుచుకుని. "నేను వెళ్ళనమ్మా. నిజం చెప్పావు, అది చాలు నాకు. రేపు నేనే నిన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదాం. ఆవిడ తిట్టదు, నేను మాట్లాడతాను. సెలవు ఇంకో రెండు వారాలు పొడిగించమని షాపులో అడుగుతాను."

"నీ ఇష్టం."

"ఏడవకు."

కత్తెరమ్మ ఏడవడం లేదు.

"ఇదిగో, వీడు నీకోసం చేతులు చాపుతున్నాడు చూడు," అంటూ కూతురు లేచి వచ్చి పిల్లవాణ్ణి తల్లి ఒడిలో కూర్చోబెట్టింది. టోపీ తీసేసి తల నిమిరింది. "పట్టుకో. నిన్ను నమ్మనని కాదమ్మా పొద్దున నేను అన్నది. భయమేసింది, అంతే. ఈ సంచీ లోపల పెట్టి వాడి బట్టలు మళ్ళీ అరలో సర్దేసి వస్తాను."

ఆమె లోపలికి వెళ్ళింది. మేస్త్రి తన తప్పు బయటపడలేదన్న ఊరటతో వంటింట్లోకి తిరిగి వెళ్ళి కొళాయి విప్పాడు. కప్పూ, రోలూ కడుగుతున్న చప్పుడు.

చంటాడు అమ్మమ్మ గాజు పట్టుకుని దానితో మాట్లాడుతున్నాడు. వాడి మెడ వెనక వెచ్చగా ఉంది. పాలవాసన. కత్తెరమ్మ వాడి నడుము చుట్టూ రెండు చేతులూ వేసి వేళ్ళు పెనవేసింది. పట్టు బిగించానని అనుకుంది. కిందికి చూస్తే వేళ్ళు విడిపోయి ఉన్నాయి. మళ్ళీ పెనవేసింది. ఎదుటి గోడ దగ్గరికొచ్చి దూరం జరిగింది. రెప్పలు ఎవరో పైనుంచి నొక్కుతున్నట్టు దిగుతున్నాయి. హాయిగా ఉంది. ఆ హాయి ఎంత బాగుందో ఆవిడకి తెలుస్తూనే ఉంది.

బట్టముక్కల గుట్ట ఇప్పుడు కింద లేదు. గొడవలో ఎవరో సంచిలోకి ఎత్తేశారు. కుర్చీ కింద ఉన్నది రాతినేల.

వాడు ముందుకి వంగి గాజుని నోట్లో పెట్టుకోబోయాడు. ఆవిడ చేతులు వాడితోపాటే ముందుకి వెళ్ళాయి, ఆపలేదు. కత్తెరమ్మకి భయం వేసింది. గుండెల్లో, కాళ్ళల్లో, నాలుక మీద వేసింది. వాణ్ణి గట్టిగా వెనక్కి లాక్కుంది.

"అమ్మడూ," అని పిలిచింది. గొంతు ముద్దగా వచ్చింది. "అమ్మడూ! వీణ్ణి ఎత్తుకో."

"ఒక్క నిమిషమమ్మా, సర్దుతున్నా."

"ఇప్పుడే రా. నాకు నిద్రొస్తోంది."

కూతురు గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పిల్లవాడి చొక్కా ఉంది. ఏడ్చిన మొహంతోనే నవ్వబోయింది. "ఇప్పుడేగా కాఫీ తాగావు? వాసన గదిలోకి వచ్చింది. కాఫీ తాగితే వచ్చే నిద్ర కూడా పోతుంది కదమ్మా!"

వంటింట్లో కొళాయి చప్పుడు ఆగిపోయింది.

ఇప్పుడైనా అలిసిపోయానని చెప్పొచ్చు. పొద్దుటి నుంచి తిండి లేదని చెప్పొచ్చు. కూతురు నమ్ముతుంది. రేపు పొద్దున మళ్ళీ కప్పు చేతికొస్తుంది.

"కాఫీ తాగాననే చెబుతున్నా," అంది కత్తెరమ్మ. "ముందు వాణ్ణి ఎత్తుకో. ఎత్తుకుని, వంటింట్లోకి వెళ్ళి మీ నాన్నని అడుగు."